పాప్ రాక్ పాటకు వీడియో ఎలా తీయాలి: విశాఖ విద్యార్థుల కోసం

మీడియా, విజువల్ కమ్యూనికేషన్ కోర్సులు చదువుతున్న విద్యార్థులు ప్రాజెక్టుల కాలం వచ్చేసరికి అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఒకటే. పెదాలు పాటతో ఎందుకు కలవడం లేదు? బీచ్‌లో తీస్తే గాయని ముఖం ఎందుకు నల్లగా వచ్చింది? వీడియోతో పాటు ఇవ్వవలసిన సమీక్షా పత్రంలో ఏం రాయాలి? ఈ మూడు ఇబ్బందులకూ మూలం ఒకటే, అది కెమెరా తీయడానికి ముందే చేసుకోవలసిన పనిని ఎడిటింగ్ బల్ల దాకా వాయిదా వేయడం. నలుగురైదుగురు స్నేహితులు, ఒకటి రెండు ఫోన్లు, కాలేజీ బ్యాండు, మూడున్నర నిమిషాల పాట ఉన్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని, ఆ పనులన్నీ చేయవలసిన వరుసలోనే ఇక్కడ చెబుతున్నాను.

కావలసినవి

- పాట తుది మిక్స్, వేవ్ (WAV) ఫైలుగా. వాట్సాప్‌లో ఎవరో పంపిన కాపీ మీద పని మొదలుపెట్టకండి.
- మాన్యువల్‌గా అమర్చుకోగలిగిన కెమెరా లేదా ఫోన్. ఫోన్ అయితే ఫ్రేమ్ రేటును, షట్టర్‌ను, వైట్ బ్యాలెన్స్‌ను కదలకుండా ఉంచగల యాప్ అవసరం. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగానే దొరుకుతుంది, అయితే అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ పనిచేయదు కాబట్టి ముందుగా మీ ఫోన్‌లో వేసి చూడండి.
- బరువైన ట్రైపాడ్. నడుస్తూ తీసేటప్పుడు కుదుపులు తగ్గించే గింబల్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.
- తీగతో కలిపే స్పీకరు, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు.
- తెల్లటి థర్మాకోల్ షీట్లు రెండు. వెలుతురును ముఖం మీదకు మళ్లించడానికి ఇంతకంటే చవకైన సాధనం లేదు.
- మెత్తని పొడి గుడ్డలు, లెన్స్ తుడిచే గుడ్డ, పెద్ద ప్లాస్టిక్ సంచులు. విశాఖ ఉప్పుగాలికి ఇవి తప్పనిసరి.
- ఒక నోటు పుస్తకం. దీని సంగతి చివరి మెట్టులో వస్తుంది, కానీ మొదటి రోజు నుంచే చేతిలో ఉండాలి.

1. పాట ఎవరిదో ముందు తేల్చుకోండి

ఒక పాటలో రచన హక్కు ఒకరిది, స్వరకల్పన హక్కు ఒకరిది, రికార్డింగు హక్కు మరొకరిది కావచ్చు. మీ కాలేజీ బ్యాండు సొంతంగా కట్టుకున్న పాటైతే రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు, వాయించినవారు అందరి నుంచీ సంతకంతో ఒక పేజీ అనుమతి తీసుకోండి. స్నేహితుల మధ్య కాగితాలెందుకు అనుకోవద్దు, బ్యాండ్లు విడిపోతుంటాయి.

వేరేవారి పాటను మీరు మళ్లీ పాడి రికార్డు చేసినంత మాత్రాన అది మీది అయిపోదు, ఎందుకంటే సాహిత్యం మీద, స్వరం మీద హక్కులు అలాగే ఉంటాయి. తరగతి గదిలో ప్రదర్శించడం ఒక సంగతి, యూట్యూబ్‌లో పెట్టడం ఇంకో సంగతి. అక్కడ కంటెంట్ ఐడీ వ్యవస్థ పాటను గుర్తుపట్టి వీడియోను ఆపేయవచ్చు, లేదా దాని ఆదాయాన్ని హక్కుదారులకు మళ్లించవచ్చు. మొదటి ప్రాజెక్టుకు సొంత పాట ఎంచుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

2. పాటకు పటం గీయండి

పాటను కళ్లు మూసుకుని నాలుగైదుసార్లు విన్న తర్వాత నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి. మొదటి దానిలో సమయం, రెండో దానిలో పాట భాగం, మూడో దానిలో అక్కడ చెవికి ముందుగా తగిలే వాద్యం, నాలుగో దానిలో కనిపించవలసిన బొమ్మ రాయాలి. ఉదాహరణకు నిమిషానికి 120 బీట్లతో, బారుకు (తాళం ఒక చుట్టుకు) నాలుగు బీట్లతో నడిచే పాటలో ఒక్కో బారు రెండు సెకన్లు పడుతుంది. ఎనిమిది బార్ల గిటార్ ఎత్తుగడ 0:16 దగ్గర ముగుస్తుంది, పదహారు బార్ల చరణం 0:48 దాకా సాగుతుంది, పల్లవి 1:20 దాకా ఉంటుంది. ఈ లెక్క ఒక్కసారి చేసి పెట్టుకుంటే ఏ భాగానికి ఎన్ని షాట్లు కావాలో కాగితం మీదే తెలిసిపోతుంది.

పాప్ రాక్ పాటలో చరణం అణిగి ఉండి, పల్లవి ఒక్కసారిగా తెరుచుకుంటుంది. బొమ్మ కూడా అలాగే నడవాలి. చరణంలో దగ్గరి షాట్లు, మూసిన గది, తక్కువ కదలిక ఉంచి, విశాలమైన ఆకాశాన్నీ సముద్రాన్నీ పల్లవి కోసం దాచుకోండి. చాలామంది మొదటి పది సెకన్లలోనే తమ దగ్గరున్న అందమైన షాట్లన్నీ ఖర్చు చేసేస్తారు, తీరా పల్లవి వచ్చేసరికి చూపించడానికి కొత్తగా ఏమీ మిగలదు.

సిద్ధాంతం విషయానికి వస్తే ఒక్కటి తెలిస్తే చాలు. బొమ్మ పాటలోని మాటను ఉన్నదున్నట్టు చూపించవచ్చు, మాటలో లేని అర్థాన్ని దానికి కలపవచ్చు, లేదా మాటకు ఎదురు నిలబడవచ్చు. వాన అన్నప్పుడల్లా వాన, గుండె అన్నప్పుడల్లా ఛాతీ మీద చెయ్యి చూపిస్తూ పోతే చూసేవారు మూడో పంక్తికే ముందుకు జరుపుతారు. కథ పెట్టుకున్నా సరే, నిడివిలో కనీసం సగం బ్యాండు వాయిస్తున్న దృశ్యాలకు కేటాయించండి, ఎందుకంటే ఈ తరహా సంగీతంలో తీగ మీద వేలు, డ్రమ్ము మీద కర్ర కనిపించడమే చూసేవారికి అసలైన ఆనందం.

3. ప్లేబ్యాక్ ట్రాకు తయారు చేసుకోండి

నూటికి తొంభైమంది వదిలేసే మెట్టు ఇదే. సెట్ మీద ఫోన్‌లోంచి పాటను నేరుగా వినిపించేస్తారు, గాయకుడు మొదటి మాట అందుకునేలోపే పాట సాగిపోతుంది. ఏదైనా ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో పాట ఫైలును తెరిచి ఈ మూడు పనులూ చేయండి.

పాటకు ముందు, పాట వేగంలోనే, ఒక బారు లెక్క పెట్టే "టిక్, టిక్, టిక్, టిక్" శబ్దం చేర్చండి. దానికీ ముందు ఒక పొట్టి బీప్ పెట్టండి, ఎడిటింగ్‌లో తరంగాల గీతల మధ్య ఇది స్తంభంలా నిలబడి కనిపిస్తుంది. తర్వాత పల్లవి, చరణం, బ్రిడ్జ్ (పాటలో ఒక్కసారే వచ్చే వేరే బాణీ భాగం) ఒక్కోదానికీ విడి ఫైలు తయారు చేసి, ఆ భాగం మొదలవడానికి రెండు పంక్తుల ముందు నుంచి ఉంచండి. ఆ రెండు పంక్తులు కూడా పాడుతూ వస్తే గాయని ముఖంలో భావం ఏర్పడి ఉంటుంది, కెమెరా ముందు ఉన్నట్టుండి మొదలుపెట్టినట్టు కనిపించదు.

స్లో మోషన్‌లో పెదాలు కలవాలంటే ఇంకో ఫైలు కావాలి. పాటను రెట్టింపు వేగంతో ఎగుమతి చేయండి. సెట్ మీద ఆ వేగానికే పాడించి సెకనుకు 50 ఫ్రేముల్లో తీయండి. ఎడిటింగ్‌లో దాన్ని 25కు తగ్గిస్తే జుట్టు, దుస్తులు, అలలు నెమ్మదిగా కదులుతాయి, పెదాలు మాత్రం అసలు పాటతో కలుస్తాయి. రెట్టింపు వేగంతో పాడటం కష్టం కాబట్టి ఇంటి దగ్గర సాధన చేసి రావాలి.

హెచ్చరిక: బ్లూటూత్ స్పీకరులో శబ్దం కొంత ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యం ఒక్కో పరికరానికి ఒక్కోలా ఉంటుంది. డ్రమ్మరుకు బ్లూటూత్ ఇయర్‌ఫోన్, మిగతావారికి స్పీకరు ఇస్తే అందరూ ఒకే పాటను వేర్వేరు క్షణాల్లో వింటారు. తీగే వాడండి.

4. చోటును వెలుతురును బట్టి ఎంచుకోండి

విశాఖ తీరం తూర్పు, ఆగ్నేయ ముఖంగా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే సగం సమస్యలు తీరిపోతాయి. సముద్రం వెనుక ఉండేలా గాయకుణ్ణి నిలబెట్టి ఉదయం తీస్తే సూర్యుడు అతని వెనుక ఉంటాడు, ముఖం చీకటైపోతుంది. అదే చోట మధ్యాహ్నం మూడు దాటాక తీస్తే సూర్యుడు ఊరి వైపు, అంటే కెమెరా వెనుకకు వస్తాడు, ముఖం మీద వెలుతురు పడుతుంది, సముద్రం నీలంగా వస్తుంది. రామకృష్ణా బీచ్ దగ్గర రోడ్డు పక్క భవనాల నీడలు సాయంత్రం ఇసుక మీదకు పాకుతాయి కనుక ముందురోజు అదే సమయానికి వెళ్లి నీడ ఎక్కడి దాకా వస్తుందో చూసి రండి. సముద్రంలో సూర్యాస్తమయం తీద్దామని బయలుదేరేవారు ఇప్పటికీ ఉన్నారు. అది ఇక్కడ కుదరదు, మన సూర్యుడు కొండల వెనుక, ఊరి వెనుక అస్తమిస్తాడు.

సమయాలు కూడా రాసి పెట్టుకోండి. జూన్ మొదట్లో సూర్యోదయం సుమారు 5:20కే అయిపోతుంది, జనవరి మధ్యలో సుమారు 6:30కి అవుతుంది. నవంబరు నెలాఖరులో సాయంత్రం సుమారు 5:20కే సూర్యుడు కనుమరుగవుతాడు, కాబట్టి కాలేజీ అయ్యాక వెళ్లి తీద్దామంటే వెలుతురు దొరకదు.

ఉదయపు ఎదురు వెలుతురే మీకు కావాలనుకుంటే, అది నిజంగా అందంగానే ఉంటుంది, రెండు థర్మాకోల్ షీట్లను గాయకుడి ముందు ఛాతీ ఎత్తులో వాల్చి పట్టుకుని వెలుతురును ముఖం మీదకు తిప్పండి. షీటును కొద్దికొద్దిగా వంచుతూ కళ్ల కింద నీడ తగ్గే కోణం దొరికాక ఆపండి. ఒక్కో షీటుకు ఒక మనిషి ఉండాలి, గాలికి ఎగిరితే నేరుగా కెమెరా మీదకే వస్తుంది. మధ్యాహ్నం కంటే తెల్లవారుజామున గాలి తక్కువగా ఉంటుంది.

అందరూ వెళ్లే చోట్లకే మీరూ వెళ్లవలసిన అవసరం లేదు. పాత నగరపు ఇరుకు వీధులు, పెద జాలరిపేట ఒడ్డున రంగుల పడవలు, భీమిలి రోడ్డులో ఎర్రమట్టి దిబ్బల చుట్టుపక్కల కనిపించే రంగు, ఇవన్నీ పాప్ రాక్‌కు బాగా నప్పుతాయి. అయితే ఎర్రమట్టి దిబ్బలు భూవారసత్వ ప్రదేశం, డ్రమ్ములూ పదిమంది మనుషులతో వాటి మీదకు ఎక్కి తొక్కకండి, దూరం నుంచి తీయండి. జాలరుల పడవలైతే యజమానిని అడిగిన తర్వాతే ముట్టుకోండి, చెప్పులు విప్పి ఎక్కండి. "అన్నా, పది నిమిషాలు ఇక్కడ తీసుకుంటాం, మీ పని ఆపం" అని ముందే చెబితే కాదనేవారు తక్కువ. వల సర్దుకుంటున్నవారి ముఖాలు ఫ్రేములో పడితే వారిని కూడా విడిగా అడగాలి.

వాయించే దృశ్యాలకు ఇంటి మేడ చాలా మంచి చోటు. కరెంటు ఉంటుంది, జనం గుమికూడరు, వెలుతురు మారితే మర్నాడు మళ్లీ అదే చోట తీయవచ్చు. సముద్రం తప్పనిసరి అయితే బ్యాండును మేడ మీద, కథను ఒడ్డున తీసి కలపండి.

5. అనుమతులు, భద్రత

కైలాసగిరి, తెన్నేటి పార్కు వంటి చోట్ల వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ) కార్యాలయంలో, రోడ్ల మీద తీసేటప్పుడు జీవీఎంసీ (నగరపాలక సంస్థ), పోలీసు వారి దగ్గర ముందుగా అడగండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద విభాగాధిపతి సంతకంతో, తేదీ, సమయం, మనుషుల సంఖ్య, సామాను జాబితాతో ఉన్న ఉత్తరం వెంట ఉంచుకోండి. ట్రైపాడ్ తెరవగానే కాపలాదారు వచ్చి అడిగేది ఆ కాగితమే.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. మే, జూన్ నెలల్లో సూర్యోదయం దానికంటే ముందే అవుతుంది కాబట్టి, అప్పుడు గాయకుడికి కెమెరా వైపు కనిపించని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి జుట్టుతో కప్పండి. నవంబరు నుంచి మార్చి మధ్య దాకా అయితే సూర్యుడు 6 దాటాకే వస్తాడు, ఆ ఇబ్బంది ఉండదు.

డ్రోన్ ఆలోచన మానుకోండి. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఈ ఊరిలోనే ఉంది, ఐఎన్‌ఎస్ డేగా వైమానిక స్థావరమూ ఊరి మధ్యనే ఉంది. డ్రోన్ ఎగరేయడానికి 2021 డ్రోన్ నియమాల ప్రకారం ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడాలి, ఎరుపు రంగు ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయడం నేరం. పై నుంచి తీరం కావాలంటే కైలాసగిరి అంచున నిలబడి తీయండి, దక్షిణంగా వంపు తిరిగిన ఒడ్డు మొత్తం కనిపిస్తుంది. నౌకాదళ ప్రాంతాల్లో ఫొటోలు నిషేధమన్న బోర్డు కనబడితే కెమెరాను సంచిలో పెట్టేయండి.

అన్నింటికంటే ముఖ్యమైన హెచ్చరిక: ఎవరినీ అలల్లోకి దింపకండి. విశాఖ తీరంలో లోతు ఉన్నట్టుండి పెరిగే చోట్లున్నాయి, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి, చేయి తిరిగిన ఈతగాళ్లు కూడా ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాదాలు తడిసే దాకా చాలు. కెమెరా పట్టుకుని వెనక్కి నడిచేవారి భుజం మీద ఒకరు చెయ్యి వేసి నడిపించాలి. తడి ఇసుక మీద యాంప్లిఫయరుకు కరెంటు ఇవ్వవద్దు, వీడియోలో దాని శబ్దం ఎలాగూ వాడం, వైరు గుచ్చి ఉన్నట్టు కనిపిస్తే చాలు.

6. కెమెరా అమరిక

సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ట్యూబులైట్ల కింద, ఎల్‌ఈడీ దీపాల కింద బొమ్మ మినుకుమినుకుమనకుండా ఉంటుంది. 50 ఫ్రేముల్లో తీసేటప్పుడు షట్టర్ 1/100 ఉండాలి. రెండు ఫోన్లు వాడుతుంటే రెండింటిలోనూ ఇవే అంకెలు ఉండాలి. వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజరు, ఫోకస్ తాళం వేయండి, లేకపోతే మబ్బు కదిలినప్పుడల్లా బొమ్మ రంగు మారుతుంది.

ఎండలో 1/50తో బొమ్మ తెల్లగా పాలిపోతే లెన్స్ ముందు ఎన్‌డీ ఫిల్టరు (వెలుతురును తగ్గించే నల్లద్దం) పెట్టాలి. అది లేనివారు నీడ ఉన్న చోటికి మారడం మంచిది.

ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన లెన్స్ మీద తేమ పడుతుంది. సంచిలోనే పావుగంట ఉంచి తర్వాత తీయండి. ఒడ్డున ప్రతి టేకు తర్వాత లెన్స్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సన్నని ఉప్పు పొర మసకగా కనబడుతుంది. ముందు ఊది, తర్వాత తుడవండి, ఇసుక ఉండగా రుద్దితే గాజు గీతలు పడుతుంది. గిటార్ తీగలను కూడా అక్కడే పొడి గుడ్డతో తుడవండి, లేకపోతే కొద్ది రోజుల్లోనే తుప్పు పడుతుంది.

మెమరీ కార్డులో ఖాళీ ఎంతుందో ఊహించకండి. ఒక నిమిషం తీసి, ఫైలు పరిమాణం చూసి, దాన్ని మీ టేకుల మొత్తం నిమిషాలతో గుణించండి.

7. తీయడం

పాట మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక్కో కోణంలో ఒక్కోసారి తీయండి. మొదట బ్యాండు అంతా కనిపించే వైడ్, తర్వాత గాయని నడుము దాకా, తర్వాత ముఖం, తర్వాత గిటార్ చేతులు, బేస్, డ్రమ్ములు. మూడున్నర నిమిషాల పాటకు ఆరు కోణాలంటే ఇరవై ఒక్క నిమిషాల ఫుటేజీ. ముక్కలుముక్కలుగా తీసిన వీడియోలో ఏదో ఒక పంక్తికి బొమ్మ దొరకక ఎడిటింగ్‌లో ఇబ్బంది పడతారు, పూర్తి టేకులున్నవారికి ప్రతి సెకనుకూ ఆరు ప్రత్యామ్నాయాలుంటాయి. ఆ తర్వాతే వంకర కోణాలు, పరుగెత్తే కెమెరా, కథ షాట్లు.

గాయని నిజంగా గొంతెత్తి పాడాలి. పెదాలు మాత్రమే కదిపితే మెడ నరాలు కదలవు, ఊపిరి తీసుకోవడం కనబడదు, చూసేవారికి కారణం తెలియకపోయినా అబద్ధమని తెలుస్తుంది. గిటారిస్టు పాటలో ఉన్న అసలు కార్డ్‌లే (కలిపి మోగే స్వరాలే) పట్టాలి. డ్రమ్ముల మోతలో మిగతావారికి పాట వినబడకపోతే డ్రమ్ముల మీద తువ్వాలు పరచవచ్చు, కాని దగ్గరి షాటులో సింబల్ (డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి పళ్లెం) ఊగడం కనబడాలి కాబట్టి ఆ షాటుకు తువ్వాలు తీసేసి, అందరికీ ఇయర్‌ఫోన్లు ఇచ్చి తీయండి.

ప్రతి టేకుకు ముందు టేకు సంఖ్యను బిగ్గరగా చెప్పి కెమెరా ముందు చప్పట్లు కొట్టండి. కెమెరా మైకు ఆపకూడదు, అందులో పడిన పాటే తర్వాత మీకు ఆధారం. దూరం నుంచి జూమ్ చేసి తీసేటప్పుడు ఒక లెక్క గుర్తుంచుకోండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది, కెమెరా స్పీకరుకు 34 మీటర్ల దూరంలో ఉంటే పాట సెకనులో పదో వంతు ఆలస్యంగా రికార్డవుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. ఆ తేడాను ఎడిటింగ్‌లో కంటితో చూసి సరిచేయాలి.

చోటు వదిలే ముందు ఒక టేకును పెద్ద తెర మీద, కనీసం లాప్‌టాప్ మీద చూడండి. ఫోకస్ తప్పిన సంగతి ఫోన్ తెర మీద తెలియదు.

8. పెదాలు కలపడం

ఫుటేజీని వాట్సాప్‌లో పంపుకోకండి, నాణ్యత పడిపోతుంది. కేబుల్‌తోనో గూగుల్ డ్రైవ్‌తోనో ఎక్కించి, రెండో చోట కాపీ పెట్టాకే కార్డు చెరపండి.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి సరిపోతుంది. ప్రాజెక్టు తెరవగానే, ఒక్క క్లిప్పు కూడా లోపలికి తేకముందే, ఫ్రేమ్ రేటును 25గా పెట్టండి, క్లిప్పులు వచ్చాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. పాట వేవ్ ఫైలును కింద వేసి, దాని పైన ఒక్కో టేకును ఒక్కో ట్రాకులో పేర్చండి. తరంగాల ఆధారంగా తనంతట తానే కలిపే సదుపాయం ఉంది, అలల హోరు ఎక్కువగా ఉన్న టేకుల్లో అది పొరబడుతుంది, అప్పుడు బీపునూ చప్పట్లనూ చూసి చేత్తో కలపండి.

కలిసిందో లేదో పరీక్షించడానికి తెలుగులో చక్కని వీలుంది. ప, బ, మ అక్షరాలు పలకాలంటే పెదాలు పూర్తిగా మూసుకోవాలి. పాటలో "మబ్బు" లాంటి మాట ఉన్న చోట ఆగి ఒక్కొక్క ఫ్రేమూ జరుపుతూ చూడండి. మొదటి "మ"కు పెదాలు మూసుకుంటాయి, "అ"కు తెరుచుకుంటాయి, "బ్బ" దగ్గర మళ్లీ మూసుకుని ఒకటి రెండు ఫ్రేములు ఎక్కువసేపు అలాగే ఉంటాయి, చివరి "ఉ"కు గుండ్రంగా ముందుకు వస్తాయి. పెదాలు మూసుకున్న ఫ్రేములోనే "బ" శబ్దం వినిపిస్తే శబ్దం చాలా ముందుగా ఉన్నట్టు, అవి తెరుచుకునే క్షణంలో శబ్దం పేలితే సరిగ్గా ఉన్నట్టు. ప, బ, మ లేని పంక్తిలో సింక్ చూడవద్దు, కన్ను మోసపోతుంది.

మొదటి పంక్తిలో కలిసి చివరి పంక్తికి జారిపోతే అది సింక్ తప్పు కాదు. ఫోన్ తన ఇష్టానుసారం ఫ్రేమ్ రేటు మార్చుకుంటూ తీసిందని అర్థం. ఆ ఫైళ్లను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన 25 ఫ్రేములకు మార్చి తిరిగి కలపండి. అందుకే ప్రతి టేకుకూ మొదట, మధ్య, చివర మూడు చోట్ల పరీక్ష చేయాలి.

ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు కెమెరా ఆడియో ట్రాకులన్నీ మూగబెట్టండి. ఒక్కటి మిగిలిపోయినా పాట బావిలోంచి వస్తున్నట్టు ఉంటుంది.

9. కట్లు, రంగు

పై 120 బీట్ల పాటలో ఒక బీటు పన్నెండున్నర ఫ్రేములు, ఒక బారు సరిగ్గా 50 ఫ్రేములు. ప్రతి బీటుకూ కట్ చేయాలన్న ఆత్రం అందరికీ కలుగుతుంది. అలా చేస్తే గాయని ముఖం గుర్తుండదు, పల్లవి వచ్చినా వేగం పెరిగినట్టు అనిపించదు. చరణంలో రెండు మూడు బార్లకు ఒక కట్, పల్లవిలో ఒకటి రెండు బార్లకు ఒక కట్ దగ్గర మొదలుపెట్టి, డ్రమ్ము విరుపులు వచ్చిన చోట మాత్రమే గుప్పున నాలుగైదు కట్లు వేయండి. బీటు మీద సరిగ్గా కాకుండా ఒకటి రెండు ఫ్రేములు ముందు కట్ చేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. చెవికి ఏ వాద్యం ముందుకొచ్చిందో దాన్నే చూపించాలన్న నియమం సోలోల దగ్గర పాటించండి, గిటార్ సోలో నడుస్తుంటే డ్రమ్మరును చూపించడం కనబడగానే తెలిసిపోయే తప్పు.

రంగు విషయంలో ఒకే మాట. ముందు అన్ని షాట్లలోనూ చర్మం రంగును ఒకటి చేయండి, ఆ తర్వాతే నీలాలూ నారింజలూ. మన చర్మపు చాయను తెల్లబరిచే ఫిల్టర్ల జోలికి పోకండి.

10. పరీక్ష

మొదటి కూర్పును శబ్దం లేకుండా ఒకసారి చూడండి, పల్లవి ఎక్కడ మొదలైందో బొమ్మను బట్టి తెలియాలి. తర్వాత ఫోన్ స్పీకరులో, టీవీలో, ఇయర్‌ఫోన్లలో చూడండి. కొన్ని టీవీలు శబ్దాన్నీ బొమ్మనూ తమంతట తాము జరుపుతాయి కాబట్టి, టీవీలో మాత్రమే సింక్ తప్పితే టైమ్‌లైన్‌ను కదపకండి.

తర్వాత ప్రాజెక్టుతో సంబంధం లేని ఐదారుగురికి చూపించండి. "ఎలా ఉంది?" అని అడగకండి, మనవాళ్లు మొహమాటానికి బాగుందంటారు. వీడియో ఆగిన వెంటనే మూడు అడగండి: ఏ షాటు గుర్తుంది, ఎక్కడ విసుగనిపించింది, ఈ కథ ఎవరి గురించి. చూస్తున్నప్పుడు వారు ఫోన్ వైపు చూసిన క్షణాన్ని మీరే రాసుకోండి. ముగ్గురు ఒకే చోట దృష్టి మరల్చితే, మీకెంత ఇష్టమైన షాటైనా అక్కడ తగ్గించవలసిందే.

11. సమీక్షా పత్రం

మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే బాగా తీసినవారు కూడా రాత దగ్గరకొచ్చేసరికి ఇలాంటి వాక్యాలు రాస్తారు: "లొకేషన్ చాలా అందంగా కుదిరింది. ఎడిటింగ్ బాగా వచ్చింది. టీమ్ అందరూ సహకరించారు." దీనిలో చదివేవారు తెలుసుకునేది ఏమీ లేదు. ఏం చేయాలనుకున్నారు, ఏం నిర్ణయించారు, అది తెర మీద ఎక్కడ కనబడుతుంది, చూసినవారు ఏమన్నారు, దాన్ని బట్టి ఏం మార్చారు, ఈ ఐదూ ఉండాలి. నమూనాకు ఇది చూడండి:

"రెండో పల్లవిలో (1:52 నుంచి 2:24 వరకు) ఉద్వేగం పెరగాలని ప్రతి బీటుకూ కట్ చేశాం. చూసిన ఐదుగురిలో ముగ్గురికి గాయని ముఖం గుర్తులేదు. పాట ఆమె ఒంటరితనం గురించి కాబట్టి, మొదటి ఎనిమిది బార్లలో కట్లు మూడుకు తగ్గించి, మూడో పంక్తి మొత్తాన్ని ఒకే క్లోజప్‌లో ఉంచాం. రెండోసారి చూపించినప్పుడు నలుగురు ఆ క్లోజప్‌నే గుర్తు చేసుకున్నారు."

ఇలా రాయాలంటే నోటు పుస్తకం ముందు నుంచీ నిండుతూ ఉండాలి. ప్రతి పని రోజు చివర నాలుగు వాక్యాలు రాయండి: ఈరోజు ఏం మార్చాం, ఎందుకు, ఎవరు ఒప్పుకోలేదు, దాని ఫలితం ఎలా తెలుస్తుంది. మొదటి కూర్పు, రెండో కూర్పు, తుది కూర్పు మూడింటినీ వేర్వేరు ఫైళ్లుగా దాచండి, మార్పుకు అదే సాక్ష్యం. "నేను" అనవలసిన చోట "మేము" అనకండి, పరీక్షించేవారికి మీ వంతు పని విడిగా తెలియాలి. కుదరని విషయాన్ని కూడా రాయండి, కాకపోతే వాన పడింది, సమయం చాలలేదు అని వదిలేయకుండా, దాని వల్ల ఏ షాటు పోయింది, దాని బదులు ఏం వాడారు, చూసేవారికి ఏం తేడా పడింది అన్నది చెప్పాలి.

సమర్పించేటప్పుడు తుది వీడియో 1080పీ, 25 ఫ్రేములు, హెచ్.264లో ఉండాలి. పత్రం వెనుక పాట పటం, అనుమతి ఉత్తరాలు, బ్యాండు సభ్యుల సంతకాల పేజీ, ఫ్రేములో కనిపించినవారి అంగీకారాలు జతచేయండి. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లేని వేరొకరి కంప్యూటరులో మొదటి నుంచి చివరి దాకా ఆడించి చూసిన తర్వాతే ఇవ్వండి.